పొట్టిక్క పెట్టిన వందనం

ఉప్పలగుప్తం,
జూలై 3.

తమ్ముడు యాకోబుకి,

ఈ ఉత్తరం తెచ్చిన పోలమ్మ చేతిలో ఒక తాడు ఉంటుంది. ఆ తాడు చివర ఒక కుక్క ఉంటుంది. ముందు కుక్కని లోపలికి రానిచ్చి, ఆ తరవాత తక్కినది చదువు.

రానిచ్చావా? దాని పేరు పొట్టిక్క. పిల్లప్పుడు పనసాకు బుట్టలో ఉడికిన పొట్టిక్క ఇడ్లీలాగే ముడుచుకుని పడుకునేది, ఆ పేరు నిలిచిపోయింది. ఆడకుక్క, నాటు రకం, ఏడాదిన్నర వయసు. పెరుగన్నం, చేప తలకాయలు, నీ చెప్పులు తింటుంది.

ఎందుకు పంపుతున్నానంటే, మా రెండెకరాల చెరువులూ కౌలుకి చేస్తున్న బాబ్జీ మొన్ననే రొయ్య పిల్లని వదిలాడు. పోయిన పంట తెగులు తగిలి తుడిచిపెట్టుకుపోయింది కదా, ఈసారి రొయ్యల పట్టుబడి అయ్యేదాకా గట్ల మీద కుక్క కనబడకూడదన్నాడు. ఒక చెరువులో దిగిన కాళ్ళతో ఇంకో చెరువులోకి తెగులు మోసుకుపోతుందట. మరి కాకుల మాటేమిటయ్యా అంటే, "కాకులకి వల కట్టించేనండి, కుక్కకి మాత్రం మిమ్మల్నే నమ్ముకున్నాను" అన్నాడు. నూట పది రోజులు. అక్టోబరు మూడో వారం దాటగానే రొయ్యలు పట్టేస్తారు, నా కుక్క నాకు వచ్చేయాలి.

ముందు అడగలేదని నీకు కోపం వస్తుంది. అడిగితే వద్దంటావని అడగలేదు. ఫోన్ మాత్రం చేయకు. ఫిబ్రవరిలో మనం ఫోనులో మాట్లాడుకున్నప్పుడు నువ్వు మూడుసార్లు పెట్టేశావు, నేను నాలుగుసార్లు పెట్టేశాను. మనిద్దరికీ కాగితమే మంచిదని పాస్టరుగారు ఊరికే అనలేదు. కాగితం మీద అయితే ఎదుటివాళ్ళు చెప్పేది పూర్తయ్యేదాకా ఆగి తీరాలి. పోలమ్మ ఎలాగూ రోజూ చేపలబుట్టతో మీ వీధికి వస్తుంది, ఉత్తరాలు ఆమెకే ఇవ్వు. కాస్త నీచు వాసన వేస్తాయి, సర్దుకో.

మా మరదలు నిర్మల కులాసాయేనా?

నీ అక్క,
ఎలీసమ్మ


అమలాపురం,
జూలై 9.

అక్కయ్యకు యాకోబు వందనాలు.

నువ్వు పంపిన జంతువు చేరింది. నా అభ్యంతరం ఇందుమూలంగా తెలియజేస్తున్నాను. అయినా ఇంట్లోకి వచ్చిన ప్రాణిని పొమ్మనలేను కనుక, అడ్మిషన్ రిజిస్టరు లాంటిది ఒకటి గీసి, పేరు, వయసు, పుట్టుమచ్చలు (ఎడమ చెవి మీద తెల్ల మచ్చ) రాసుకున్నాను. ఇంటిపేరు గడి ఖాళీగా వదిలాను.

మా ఇంటి క్రమం నీకు తెలియనిది కాదు. నేను రిటైరైన రోజున బడిలో కరెంటు బెల్లు వచ్చిందని పాత కంచు గంట, దాని కొయ్యసుత్తీ నాకు శాలువాతో పాటు బహూకరించారు. అది వరండాలో వేలాడుతోంది. ఐదున్నరకి లేవడానికి, ఆరింటికి ప్రార్థనకి, ఎనిమిదింటికి టిఫినుకి, పన్నెండున్నరకి భోజనానికి, ఒంటిగంటకి విశ్రాంతికి నేనే స్వయంగా కొడతాను. నాలుగేళ్ళలో ఈ ఇంట్లో ఒక్క పూట భోజనం ఆలస్యం కాలేదు. హెడ్మాస్టరుగా నాకు దొరకని క్రమశిక్షణ ఇంట్లో దొరికింది.

ఇప్పుడు నీ కుక్క సంగతి. సోమవారం నా తువ్వాలు ఎత్తుకుపోయింది. మంగళవారం ప్రార్థన వేళ కీర్తనల పుస్తకం మూల కొరికింది. బుధవారం తన తోకని తానే పదకొండు నిమిషాలు తరిమింది (వాచీ చూశాను). చివరికి పట్టుకుంది. పట్టుకున్నాక ఏం చేయాలో తెలియక వదిలేసింది. ఇంత శ్రమా దేనికో నాకు బోధపడలేదు.

అయితే న్యాయంగా ఒక మాట చెప్పాలి. దీనికి పెద్దల పట్ల గౌరవం ఉంది. ఉదయం నేను వరండాలోకి రాగానే ముందు కాళ్ళు రెండూ నేలకి ఆనించి, తల కిందికి వంచి, వెనక భాగం పైకెత్తి నాకు వందనం చేస్తోంది. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో ఏ విద్యార్థీ నాకు అంత వంగి దండం పెట్టలేదు. నేనూ తల పంకించి స్వీకరిస్తున్నాను.

నిర్మల మోకాలి నొప్పికి వైద్యం చేయించుకోవడానికి రాజమండ్రిలో అమ్మాయి పుష్పలత దగ్గరకి వెళ్ళింది. పది రోజుల్లో వస్తుంది.

ఇట్లు,
యాకోబు


ఉప్పలగుప్తం,
జూలై 14.

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి నవ్వీ నవ్వీ పక్కటెముకలు నొప్పెట్టాయి. అది వందనం కాదురా! కుక్క అలా వంగిందంటే "ఆడదాం రా" అని పిలుస్తోందని. చిన్నపిల్లలకి కూడా తెలుసు ఆ సంగతి. అది పాపం రోజూ పొద్దున్నే ఆటకి పిలుస్తోంది, నువ్వేమో సలాములు అందుకుంటున్నావు. తల పంకించి లోపలికి పోతుంటే నీ గురించి ఏమనుకుంటోందో ఆ జీవం. ఈ మాట నిర్మలకి చెప్పకుండా ఉండలేకపోయాను, చెప్పేశాను. ఫోను చేసి మరీ చెప్పాను.

అవును, మాట్లాడాను. నేను ముప్పై ఏళ్ళు నర్సుగా పనిచేసినదాన్ని, నాకు మోకాళ్ళ కబుర్లు చెప్పకు. నిర్మల వెళ్ళింది ఏప్రిల్లో. ఇప్పుడు జూలై. నీ లెక్కల్లో పది రోజులంటే ఎన్నో నాకు తెలియదు గాని, ఆమె మోకాలు నిక్షేపంలా ఉంది. పుష్పలత వాళ్ళది మూడో అంతస్తు, లిఫ్టు లేదు, రోజుకి నాలుగుసార్లు ఎక్కి దిగుతోంది. ఆమె రావడం లేదు యాకోబూ. రాకూడదనుకుంటోంది.

ఎందుకో నాతో చెప్పింది. నువ్వు అడిగితే చెబుతాను, అడక్కపోతే చెప్పను.

కుక్కకి స్నానం చేయించు. నిన్ను కూడా తడిపేస్తుంది, పాత పంచె కట్టుకో.

ఎలీసమ్మ


అమలాపురం,
జూలై 20.

గౌరవనీయులైన ఎలీసమ్మగారికి,

మీ ఉత్తరం అందింది. భార్యాభర్తల విషయాలు చేపలబుట్టలో ప్రయాణం చేయడం నాకు సమ్మతం కాదు. మీరు పెద్దవారు కనుక ఇంతకంటే రాయను.

కుక్క విషయంలో మీ వాదనని పరీక్షించి చూశాను. మంగళవారం ఉదయం అది వంగినప్పుడు నేను తల పంకించకుండా నిలబడ్డాను. అది ఒకసారి మొరిగింది, పక్కకి దూకింది, మళ్ళీ వంగింది. నేను కదల్లేదు. మళ్ళీ వంగింది. నేను లోపలికి వచ్చేశాను. బుధవారం ఉదయం కూడా అదే ప్రకారం వంగింది. వందనం కాదని ఒప్పుకుంటున్నాను. రిజిస్టరులో "వినయం" గడిలో రాసిన మార్కులు కొట్టేశాను.

నిర్మల మీతో ఏమందో తెలియజేయగలరు. అది నాకు ముఖ్యమని కాదు, రికార్డు కోసం.

భవదీయుడు,
యాకోబు


ఉప్పలగుప్తం,
జూలై 25.

యాకోబూ,

నన్ను మీరు అన్నావంటే కోపం వచ్చిందన్నమాట. రానీ.

నిర్మల అన్నది అన్నట్టు రాస్తున్నాను. ఏప్రిల్లో ఒకరోజు మధ్యాహ్నం పోలమ్మ గేటు దగ్గర ఆగి ఏదో కబురు చెబుతోందట. బస్సులో ఆమె బుట్టలోంచి ఒక మండపీత జారిపోయి కండక్టరు సంచిలో దూరిందట. ఆ సంగతి ఇద్దరూ గేటు పట్టుకుని నవ్వుకుంటున్నారు. ఒంటిగంట దాటింది, నీ విశ్రాంతి వేళ. నువ్వు వరండాలోకి వచ్చి గంట కొట్టి లోపలికి వెళ్ళిపోయావు. పోలమ్మ బుట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది.

నిర్మల ఏమందంటే: "భోజనానికి కొడితే వెళ్ళి కూచున్నాను వదినగారూ. ప్రార్థనకి కొడితే మోకరించేను. ఆవేళ నవ్వుతుంటే కొట్టేరు. నవ్వు ఆగిపోయింది. అప్పుడు తెలిసింది, ఇన్నేళ్ళూ నేను నవ్వినప్పుడల్లా ఓ కంటితో వరండా వైపు చూసుకుంటూనే నవ్వేనని. ఆ పీత చివరికి ఏమైందో నాకు ఇప్పటికీ తెలీదు."

ఇది చెబుతున్నప్పుడు ఆమె గొంతులో కోపం లేదు. నాకు భయం వేసింది అందుకే. కోపం ఉంటే ఎలాగో నచ్చజెప్పుకోవచ్చు. తీరిగ్గా, శాంతంగా చెప్పింది, పక్క ఇంటి సంగతి చెప్పినట్టు.

నేను నీ పక్షమో ఆమె పక్షమో అడక్కు. ఆమె పక్షమే.

అక్క


అమలాపురం,
ఆగస్టు 3.

అక్కయ్యకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఆ గంట నేను నవ్వు మీద కొట్టలేదు. నిశ్శబ్దం కోసం కొట్టాను. ఇలా ఒక కాగితం మీద రాసుకుని చూశాను. చూస్తే రెండూ ఒకటే అని తోచింది. ఆ కాగితం చింపేశాను.

లోపం గుర్తించాక దిద్దుబాటు చేయాలి కదా. మా ఇంటి టైంటేబుల్లో ఆటకి పీరియడు లేకపోవడం నిజంగా పెద్ద లోపమే. ఈ నెల ఒకటో తేదీ నుంచి సాయంత్రం ఐదింటి నుంచి ఐదున్నర వరకూ ఆట అని చేర్చాను. ఒక రబ్బరు బంతి కొన్నాను. ఐదింటికి గంట కొట్టి, కుర్చీ వేసుకుని, పొట్టిక్కకి బంతి చూపించి, పరిశీలనలు రాసుకోవడానికి నోటుపుస్తకం పట్టుకుని కూర్చున్నాను.

మొదటి రోజు: ఇరవై ఎనిమిది నిమిషాలు నిద్రపోయింది. మిగతా రెండు నిమిషాలు గోక్కుంది. ఐదున్నరకి ముగింపు గంట కొట్టాను. ఐదు ముప్పై ఒకటికి లేచి, చెట్టు కింద రాలిన కొబ్బరి పిందె ఒకటి నోట కరుచుకుని, దాన్ని గాల్లోకి విసురుకుని, తానే పట్టుకుని, చీకటి పడేదాకా ఆడింది. రెండో రోజూ అంతే. బంతిని ముట్టుకోలేదు. ఆట మీద దానికి శ్రద్ధ లేదు.

యాకోబు


ఉప్పలగుప్తం,
ఆగస్టు 9.

యాకోబూ,

ఈ భూమ్మీద ఆటకి గంట కొట్టి, కుర్చీ వేసుకుని, నోటుపుస్తకం పట్టుకుని కూర్చున్న మనిషివి నువ్వొక్కడివే అయి ఉంటావు. కుక్క నిద్రపోక ఏం చేస్తుంది? నేనైనా నిద్రపోతాను. నువ్వు లెక్కలు చెప్పినప్పుడు పిల్లలు ఎలా పడుకునేవారో మరిచిపోయావా?

రొయ్యలు చిటికెన వేలంత అయ్యాయి. బాబ్జీ తెల్లారకుండానే వచ్చి మేత వేసి, చెరువు నీళ్ళు దోసిట్లో పట్టుకుని దేవుడి తీర్థంలా చూస్తున్నాడు. గట్టు మీద పొట్టిక్క లేకపోతే నాకేం తోచడం లేదు. అది ఉన్నప్పుడు తిట్టడానికైనా ఒక పని ఉండేది.

అక్క


అమలాపురం,
ఆగస్టు 22.

అక్కయ్యకు,

ఒక నష్టం గురించి తెలియజేయాల్సి ఉంది. పంతొమ్మిదో తేదీ మధ్యాహ్నం పన్నెండున్నరకి భోజనం గంట కొట్టి, కొయ్యసుత్తి అరుగు మీద పెట్టి చేతులు కడుక్కోవడానికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి సుత్తి పొట్టిక్క నోట్లో ఉంది. సుత్తిని స్వాధీనం చేసుకోవడానికి తగిన ప్రయత్నాలు చేయడమైనది. ఆ ప్రయత్నాలలో సుత్తి పంటకాలువలో పడిపోయింది. ప్రవాహం జోరుగా ఉన్నందున దొరకలేదు.

ఇక్కడ వేరే విశేషాలు ఏమీ లేవు.

యాకోబు


ఉప్పలగుప్తం,
ఆగస్టు 25.

యాకోబూ,

వేరే విశేషాలు ఏమీ లేవా?

నీ ఉత్తరం తెచ్చిన పోలమ్మ మా అరుగు మీద కూర్చుని, మంచినీళ్ళు తాగి, ఏమందో విను. "తగిన ప్రయత్నాలంటే ఏంటో నాకు తెలీదండి నర్సమ్మగారూ. మేస్టారు పంచె ఎగ్గట్టేసి ఇంటి చుట్టూ పరిగెత్తేరు. ఆయ్. కొబ్బరిచెట్టు కాడ కుక్క ఇటంటే మేస్టారు అటు, మేస్టారు అటంటే కుక్క ఇటు. నేను బుట్ట దింపేసుకుని చూసేను. మూడో చుట్టుకి మేస్టారు ఆగిపోయి, మోకాళ్ళ మీద చేతులెట్టుకుని వంగిపోయేరండి. ఏ నొప్పో వచ్చిందని నేను గేటు తోసుకుని లోపలికెళ్ళేను. నొప్పి కాదండి. నవ్వు. కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి. నన్ను చూసి దగ్గేరు."

దగ్గావట! ముప్పై ఏళ్ళు దగ్గులు విన్నదాన్ని నేను.

ఇంతకీ కొత్త సుత్తి ఎప్పుడు చేయిస్తావు?

అక్క


అమలాపురం,
సెప్టెంబరు 7.

అక్కా,

పోలమ్మ చెప్పింది నిజమే. ముందు దగ్గాను, అదీ నిజమే.

కొత్త సుత్తి చేయించలేదు. మొదటి రెండు రోజులు వడ్రంగి కోసం చూశాను. మూడో రోజు పన్నెండున్నర ఎప్పుడు దాటిందో తెలియలేదు, ఆకలి వేస్తే లేచి చూశాను, రెండున్నర. అన్నం తిన్నాను. రుచిగా ఉంది. రుచి అన్నది ఒకటుందని మరిచిపోయినట్టున్నాను. నాలుగో రోజు పొద్దున పొట్టిక్క వంగినప్పుడు వీధిలో ఎవరూ లేరని చూసుకుని ఒక కొబ్బరి పిందె విసిరాను. అది తెచ్చి నా కాళ్ళ దగ్గర పెట్టింది. మళ్ళీ విసిరాను. ఎన్నిసార్లో లెక్కపెట్టలేదు. నేను లెక్కపెట్టలేదంటే నీకు నమ్మకం కలగదు.

దానికి రేపటి ధ్యాస లేదు. నిన్న నేను కసిరిన సంగతి దానికి గుర్తుందో లేదో తెలియదు, గుర్తున్నట్టు కనబడదు. ఒక పిందె దొరికితే ఆ పూటకి అదే పండగ. ఇంట్లో ఇంత సందడి నాలుగేళ్ళుగా వినలేదు. ఆ సందడి చేసే మనిషి ఉండేదని, నేనే ఆపేశానని ఇప్పుడు తెలుస్తోంది. చాలా సిగ్గుగా ఉంది అక్కా.

నిర్మలకి ఒక ఉత్తరం రాశాను. దీనితో జతపరిచాను. చదివి, బాగుంటే పంపు.

యాకోబు


ఉప్పలగుప్తం,
సెప్టెంబరు 14.

యాకోబూ,

నీ ఉత్తరం వెనక్కి పంపుతున్నాను. నిర్మలకి పంపలేదు. నువ్వు పిల్లల కాగితాలు దిద్దినట్టే ఎర్ర సిరాతో దిద్దాను, చూసుకో. "విషయం: గంట కొట్టుట, సంజాయిషీ సమర్పించుట గురించి" అని మొదలుపెట్టావు. కట్టుకున్న భార్యకి సంజాయిషీ సమర్పిస్తావుట్రా? మూడో పేరాలో "ఇకమీదట ఇటువంటి సంఘటనలు పునరావృతం కాకుండా తగు చర్యలు తీసుకోబడతాయి" అన్నావు. ఎవరు తీసుకుంటారు ఆ చర్యలు, కలెక్టరా? అడుగున సంతకం పక్కన స్టాంపు ఒక్కటే తక్కువ. పాతికకి నాలుగు మార్కులు వేశాను. ఆ నాలుగూ దస్తూరికి.

ఇప్పుడు అసలు సంగతి, మనసు గట్టి చేసుకుని చదువు. పుష్పలత వాళ్ళ మేడ కింద గది ఖాళీ అయింది. నిర్మల అక్కడ జాకెట్లు కుట్టుకుంటానంటోంది. అక్టోబరు పద్దెనిమిదిన ఆటో మాట్లాడుకుని కుట్టుమిషను కోసం వస్తోంది. పెళ్ళికి మీ మావగారు ఇచ్చిన మిషను అది, ఇన్నేళ్ళలో ఆ గది దాటి కదల్లేదు. మిషను వెళ్ళిందంటే మనిషి ఇక రాదు.

నీకు అడగడం చేతకాదు. చిన్నప్పుడు కూడా ఇంకో ముద్ద కావాలంటే పళ్ళెం ముందుకు తోసేవాడివి గాని నోటితో అడిగేవాడివి కాదు. ఆ కుక్కని చూడు. నువ్వు నెల రోజులు కాదన్నావు. ముప్పై పొద్దులు మొహం తిప్పుకుని లోపలికి పోయావు. ముప్పై ఒకటో పొద్దున కూడా అది కొత్తగా అడుగుతున్నట్టే అడిగింది. సిగ్గు పడలేదు, అలగలేదు, సంజాయిషీ రాయలేదు.

ఇంతకంటే నేను చెప్పలేను. నీ మంచి కోరి ఏడుస్తూ రాస్తున్నాను, నవ్వుతున్నానని అనుకోకు.

అక్క


అమలాపురం,
అక్టోబరు 12.

అక్కా,

మిషనుకి నూనె వేశాను. వెళ్ళిపోయే మిషనుకి నూనె ఎందుకో నాకే తెలియదు. బెల్టు కూడా కొత్తది వేయించాను. తొక్కి చూశాను, మెత్తగా తిరుగుతోంది.

ఆమె వచ్చినప్పుడు ఏమనాలో రోజూ వరండాలో నిలబడి అనుకుంటున్నాను. "నిర్మలా" అన్నదాకా బాగానే వస్తోంది. ఆ తరవాత ఏ వాక్యం మొదలుపెట్టినా సర్క్యులరులా ముగుస్తోంది. ఎదుట పొట్టిక్క కూర్చుని వింటుంది. రెండో వాక్యానికి ఆవలిస్తుంది.

బాబ్జీ రొయ్యలు ఇరవై రెండున పడుతున్నాడని పోలమ్మ చెప్పింది. ఆ తరవాత కుక్కని పంపాలి. పంపుతానన్నాను కాబట్టి పంపుతాను. కాని దాని చదువు ఇంకా పూర్తి కాలేదని నీ దృష్టికి తెస్తున్నాను.

మిషనూ వెళ్ళి కుక్కా వెళ్ళాక ఈ ఇంట్లో నేనూ, ఆ గంటా మిగులుతాం. కొట్టడానికి సుత్తి కూడా లేదు. భయంగా ఉంది అక్కా. ఈ మాట రిటైరైన రోజు కూడా ఎవరితోనూ అనలేదు.

యాకోబు


అమలాపురం,
అక్టోబరు 19.

అక్కా,

పడుకుని రాస్తున్నాను, అందుకని అక్షరాలు వంకర. నిన్న మధ్యాహ్నం నిర్మల వచ్చింది. అదే సమయంలో నాకు నడుం పట్టేసింది. వివరాలు అనవసరం.

పొట్టిక్కని ఇప్పట్లో పంపడానికి వీలుపడదు. నీకు తోచకపోతే నువ్వే వచ్చి నాలుగు రోజులు ఉండు. ఎదురెదురుగా కూర్చుంటే ఫోను పెట్టేయడానికి ఉండదు.

అడుగున ఉన్న ఖాళీ నిర్మలకి కావాలట. నేను చదవకూడదట.

యాకోబు


వదినగారికి నిర్మల వందనాలు.

ఆయన అనవసరం అన్న వివరాలే రాస్తున్నాను.

నేను పన్నెండు గంటల వేళ ఆటోతో వచ్చాను. మిషను తీసుకుని వెళ్ళిపోదామనే వచ్చాను, మీ దగ్గర దాచడమెందుకు. గేటు తీసేసరికి ఆయన వరండాలో నిలబడి ఉన్నారు. ఇస్త్రీ చొక్కా, చేతిలో నాలుగు మడతల కాగితం. కాగితం విప్పి "విషయం" అన్నారు. ఆగిపోయారు. "విషయం ఏంటంటే నిర్మలా" అన్నారు. కాగితం తిరగేసి చూశారు. ముప్పై ఆరేళ్ళలో ఆయనకి మాట రాకపోవడం నేను చూడలేదు. నా మనసు కదల్లేదని చెప్పను, కాని నేను లోపలికి వెళ్ళి మిషను చూపించాను. ఆటో అతను దాన్ని గేటు దాకా మోసుకొచ్చి "ఎక్కించేయమంటారా అండీ" అన్నాడు. ఎక్కించమన్నాను.

అప్పుడు ఆయన కాగితం జేబులో పెట్టేసుకుని, మెట్లు దిగి, నా ఎదురుగా వచ్చి వంగారు. కాళ్ళ మీద పడుతున్నారేమోనని హడిలిపోయి వెనక్కి జరిగాను. అది కాదు వదినా. అరచేతులు రెండూ మట్టిలో ఆనించి, తల కిందికి వంచి, వెనక భాగం పైకెత్తి అలా నిలబడ్డారు. అరవై నాలుగేళ్ళ మనిషి, హెడ్మాస్టరు చేసిన మనిషి. గేటు దగ్గర పోలమ్మ చూస్తోంది. ఎదురింటి సత్యదుర్గగారు పిట్టగోడ మీంచి చూస్తున్నారు. ఆటో అతను మిషను పట్టుకుని చూస్తున్నాడు. తోక లేదు కాబట్టి కాబోలు, తల ఊపారు.

ఆ వంగడం ఏమిటో మీరు జూలైలోనే నాకు ఫోనులో చెప్పారు కదా. వాళ్ళెవరికీ అర్థం కాలేదు గాని నాకు అయింది.

పొట్టిక్క మాత్రం ఆ పిలుపు తనకే అనుకుంది. ఒక్క గెంతులో ఆయన వీపు మీంచి దూకి, నా కుడికాలి చెప్పు లాక్కుని ఇంటి వెనక్కి పరిగెత్తింది. నేనూ వెనకాలే పరిగెత్తాను. కొబ్బరిచెట్టు దగ్గర నేనిటంటే అది అటు. ఎప్పుడు మొదలైందో తెలియదు, మూడో చుట్టుకి నవ్వు ఆపుకోలేకపోయాను. చెప్పు దొరకలేదు. వెనక్కి వచ్చేసరికి ఆయన ఇంకా అలాగే ఉన్నారు. ఎంత పట్టుదల అనుకున్నాను. నడుం పట్టేసి లేవలేకపోతున్నారట.

ముగ్గురం కలిసి లేపి మంచం మీద పడుకోబెట్టాం. మిషను మళ్ళీ గదిలో పెట్టించాను. నడుం తగ్గేదాకా ఉంటానని పుష్పలతకి చెప్పాను, మీరూ ఎవరైనా అడిగితే అదే చెప్పండి.

ఆ తరవాత గేటు దగ్గర పోలమ్మా నేనూ ఆయన వంగడం తలుచుకుని మళ్ళీ నవ్వుకున్నాం. ఒంటిగంట దాటిపోయింది. నేను అలవాటు చొప్పున వరండా వైపు చూశాను. గంట ఊరికే వేలాడుతోంది. లోపల మంచం మీంచి ఆయన గొంతు వినిపించింది.

"పోలమ్మా, బస్సులో ఆ పీత చివరికి ఏమైంది?"

పోలమ్మ నా మొహం చూసింది. బుట్ట దింపి, గుమ్మం దగ్గర కూర్చుని, మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.